పూలసజ్జ కింది చేట

ఆర్టిస్టు గారు పోయిన కొద్దిరోజులకు వన్ టౌన్‌లో ఒక కల్యాణమండపం మేడ మీద ఆయనకు సంస్మరణ సభ పెట్టారు. నేను వెళ్లాను. చివరి వరుసలో, ఫ్యాను తిరగని చోట కూర్చున్నాను. అలాంటి చోటైతే పక్కన ఎవరూ కూర్చోరు, పలకరించరు.

మొదటి వక్త మైకు సర్దుకుని, "ఆయన మృదుస్వభావి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగరు" అన్నాడు. నేను చుట్టూ చూశాను. సభలో సగం మంది ప్రెస్సుల వాళ్లు, కాగితాల వ్యాపారులు. ఆర్టిస్టు గారి చేత తిట్లు తినని మనిషి వాళ్లలో ఒక్కరు కూడా లేరు. అందరూ తలలూపారు.

రెండో వక్త, "దేవతామూర్తులు ఆయన కుంచెలో ప్రాణం పోసుకున్నారు" అన్నాడు. ఆర్టిస్టు గారు తన జన్మలో దేవుడి బొమ్మ వేయలేదు.

మూడో వక్త వెనక్కి తిరిగి వేదిక మీద కట్టిన పెద్ద ఫ్లెక్సీ వైపు చెయ్యి చాపాడు. "ఈ తెలుగు ఇల్లాలిని చూడండి. మెడలో కాసులపేరు, చెవులకు రవ్వల కమ్మలు, ఒడిలో పూలసజ్జ. కోవెలకు బయల్దేరబోతున్న మహాలక్ష్మి! ఆభరణాలు వేయడంలో ఆయనకు ఆయనే సాటి. మనం తెస్తున్న సంస్మరణ సంచికకు ముఖచిత్రం ఇదే."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో మా పెదనాన్న లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. ఆ పటం ఆయన ఇంట్లోది. అందులో ఉన్నది మా నాయనమ్మ.

ముఖం మాత్రం నాది. నగలు ఆవిడవీ కావు, నావీ కావు.

నాకు ఒళ్లు మండింది. ఈ మాట ఊరికే అనడం లేదు. ఇలా ఒళ్లు మండే రోజు ఒకటి వస్తుందని ఆర్టిస్టు గారు నాకు ఎప్పుడో చెప్పారు. ఆ రోజు ఏం చేయాలో కూడా చెప్పారు.

మా నాన్నది వన్ టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ దుకాణం. ఆర్టిస్టు గారు డ్రాయింగ్ షీట్ల కోసం వచ్చేవారు. పొట్టి మనిషి. గళ్ల చొక్కా, దళసరి కళ్లద్దాలు. ఒక్కొక్క షీటూ వెలుతురుకు ఎత్తి చూసి, అంచును గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు.

"ఏం వినబడుతోందండీ?" అని నాన్న ఎగతాళి చేసేవాడు.

"మీ మిల్లువాడి అబద్ధం" అనేవారు ఆయన, షీటు పక్కన పడేసి.

ఆయన వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేసేవారు. ఆ పత్రికలు మా దుకాణానికి వచ్చేవి. బడి నుంచి రాగానే నేను కాగితాల బేళ్ల వెనక నక్కి అవి చదివేదాన్ని. అక్కడ నేను ఉన్నానని నాన్నకు కూడా తెలిసేది కాదు. ఆర్టిస్టు గారికి తెలిసిపోయేది.

"అమ్మాయ్, ఈ వారం కథ ముందు చదివావా, బొమ్మ ముందు చూశావా?"

"బొమ్మండీ" అనేదాన్ని, బేలు వెనక నుంచే.

"గట్టిగా చెప్పమ్మా. మీ నాన్నకి వినబడాలి. కథలు రాసేవాళ్లొస్తే ఆయన లేచి నిలబడతాడు, నాకైతే స్టూలు కూడా వేయడు."

ఆయన బొమ్మల్లో ఆడవాళ్లు పత్రికల్లో మామూలుగా కనిపించే ఆడవాళ్లలా ఉండేవారు కాదు. ఒక కథలో నాయిక బస్టాండులో ఎదురుచూస్తుంది. ఆయన వేసిన నాయిక ఒక చెప్పు విడిచి, ఆ పాదాన్ని రెండో పాదం మీద పెట్టుకుని నిలబడి ఉంది. బ్యాగు పట్టీ తెగితే ముడేసి ఉంది. ఎదురుచూసి చూసి కాళ్లు నొప్పిపుట్టిన మనిషి. ఆ కథ నాకు ఇప్పుడు గుర్తులేదు. ఆ పాదం గుర్తుంది. నాయిక తమ పనిమనిషిలా ఉందని ఎవరో పాఠకురాలు పత్రికకు ఫిర్యాదు రాసిందట. ఆ సంగతి ఆయన దుకాణంలో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు. "చూశారా, పోలిక దొరికింది!"

ఇంకోసారి ఒక పత్రికవాళ్లు ప్రకటనకు చోటు చాలక ఆయన బొమ్మను కింది నుంచి కోసేశారు. సంతకం పోయింది, దాంతోపాటు నాయిక పాదాలూ పోయాయి. ఆ ప్రెస్సు యజమాని మా దుకాణంలో దొరికాడు. ఆర్టిస్టు గారు నడివీధిలోకి వినబడేలా అరిచారు.

"పేరు తీసేశారు, సరే. నా పేరు ఎవరికి కావాలి! కాళ్లు ఎందుకు తీశారండీ? ఆవిడ తర్వాతి పేజీలో ఊరొదిలి వెళ్లిపోవాలి. ఎలా వెళుతుంది? దొర్లుకుంటూ వెళుతుందా?"

పేరు ఎవరికి కావాలన్నారే గానీ, పేరు పోయినందుకు కూడా ఆయన ఆ వేసవంతా మండిపడుతూనే ఉన్నారు. సభలో మొదటి వక్త "మృదుస్వభావి" అన్నప్పుడు నాకు వినిపించింది ఆ అరుపు.

దేవుడి బొమ్మల సంగతి కూడా మా దుకాణంలోనే జరిగింది. క్యాలెండర్లు వేసే ఆయన ఒకరు వచ్చి, "మీ బొమ్మల్లో జీవం ఉంటుందండీ. మాకు ఒక్క లక్ష్మీదేవిని వేసిపెట్టండి" అని బతిమాలాడు.

"తప్పకుండా. ఆవిడ ఓ గంట కదలకుండా కూర్చోగలరా?"

"ఎవరండీ?"

"లక్ష్మీదేవి గారు. చూడనివాళ్లని నేను వేయలేనండి. పోనీ మీ ఆవిడ గారిని తీసుకురండి. ఆవిడ్ని ఉన్నదున్నట్టు వేసి కింద లక్ష్మీదేవి అని రాస్తాను."

క్యాలెండర్ల ఆయన మళ్లీ మా దుకాణం మెట్లెక్కలేదు. నాన్న ఆర్టిస్టు గారి మీద విసుక్కున్నాడు. అయినా ఆయనకు భక్తి లేదని ఎవరూ అనలేరు. ఆయన గది గుణదలలో, కొండ కిందే. మేరీమాత తిరునాళ్లప్పుడు రోజంతా దారి పక్కన ముక్కాలిపీట వేసుకుని, కొండెక్కేవాళ్లను గీస్తూ కూర్చునేవారు. "దేవతను చూడలేదమ్మా నేను. ఆవిడ కోసం ఎక్కేవాళ్ల మోకాళ్లు చూశాను. అవి వేయడానికే నా ఆయుష్షు చాలదు" అనేవారు.

నేను పదో తరగతి రాసిన వేసవిలో మా పెదనాన్న పామర్రు దగ్గర మా ఊళ్లో కొత్త ఇల్లు కట్టాడు. హాల్లో తాతయ్యదీ నాయనమ్మదీ పెద్ద పటాలు పెట్టాలనుకున్నాడు. తాతయ్య ఫొటో ఉంది. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆవిడకు ఒక్క ఫొటో కూడా లేదు. వెతగ్గా వెతగ్గా ఎవరిదో పెళ్లి ఫొటోలో, భోజనాల బంతి వెనక, ఎవరి భుజం చాటునో సగం కనిపించింది. ఒక చెవి, కాస్త దవడ, నడుముకు దోపిన కొంగు.

నాన్న ఆ ఫొటో ఆర్టిస్టు గారికి ఇచ్చాడు. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"చెవి ఉంది. చాలు. మీ ఇంట్లో ఆవిడ పోలిక ఎవరిది?"

అందరూ నా వైపు తిరిగారు. నల్లటి రంగు, వెడల్పాటి నుదురు, బయటికి పొడుచుకొచ్చిన చెవులు. మా ఇంట్లో అంతవరకు ఆ పోలికను ఎవరూ పొగడ్తగా చెప్పలేదు.

మా అమ్మ మాత్రం భయపడింది. "బతికున్న పిల్లను కూర్చోబెట్టి పోయినవాళ్ల పటం వేస్తారా? రేపు దానికి దండ కూడా వేస్తారు!"

"నేనున్నాగా వదినా. రోజూ దిష్టి తీసి పంపిస్తా" అని మా మేనత్త సర్దిచెప్పింది. అత్త పామర్రులో ఉంటుంది. ఆ వేసవికి మా ఇంట్లో మకాం పెట్టి, రోజూ నన్ను గుణదల తీసుకువెళ్లింది.

ఆయన పెన్సిలు పట్టుకునే ముందు నాయనమ్మ గురించి అడిగారు. మొదటిరోజు పెదనాన్న కూడా వచ్చాడు.

"మా అమ్మ దేవతండీ. ఇంకేం చెప్పను!"

"దేవతలను వేయనండి నేను. మనిషి సంగతి ఏమన్నా ఉంటే చెప్పండి."

పెదనాన్న అత్త వైపు చూశాడు. అత్త అందుకుంది. "అమ్మ కుదురుగా కూర్చుని ఎరగదండీ. బియ్యం ఏరుతుంటే చేట ఒళ్లో ఉండేది, చెవి గేదె మీద ఉండేది. పసుపుతాడుకి పిన్నీసులు గుచ్చుకునేది. ఎవరికి ఏది ఊడినా, ఏది చిరిగినా, అమ్మ మెడ దగ్గరికే పరిగెత్తేవాళ్లం."

"అదిగో. ఇప్పుడు ఒక మనిషి వచ్చింది" అన్నారాయన.

నా ఒళ్లో చేట పెట్టించారు. నిజం బియ్యం పోయించారు. ఊరికే కూర్చుంటే అందరూ ఒకేలా ఉంటారని, పనిలో ఉన్నప్పుడే ఎవరికి వాళ్లు వేరుగా ఉంటారని అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎటు చూడాలో తెలియలేదు.

"సిగ్గుపడు, ఫర్వాలేదు. నేను ముందు చెవి వేస్తాను. ముఖానికి నటించడం వచ్చు. చెవికి రాదు."

ఆయన ఎవరిని వేసినా చెవితోనే మొదలుపెట్టేవారు. తెల్లటి కాన్వాసు మీద ఒక్క చెవి. ఆ రోజుకు అంతే. ఏమండీ, అద్దె పోర్షన్‌లా చెవి ఒక్కటే ఇస్తారా అని అత్త నవ్వింది.

ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు నా చూపు నచ్చలేదు. "ఈ పిల్ల ఎవరూ పిలవకూడదని కోరుకునే పిల్ల. ఆవిడ ఎవరు పిలిచినా తిరిగే మనిషి. ఎలా?" అని గదిలో అటూ ఇటూ తిరిగారు. తర్వాత అత్తను గుమ్మం అవతలికి పంపి, "చిన్నప్పుడు ఎలా పిలిచేవారో అలా పిలవండమ్మా" అన్నారు.

అత్త గుమ్మం బయటికి వెళ్లింది. యాభై దాటిన మనిషి.

"అమ్మా!" అని పిలిచింది.

నేను తిరగలేదు. నన్ను కాదనుకున్నాను.

"అమ్మోయ్!" అంది మళ్లీ. ఈసారి గొంతు వేరుగా ఉంది.

నేను తలెత్తి తిరిగాను. "అంతే. కదలకు" అన్నారాయన.

బొమ్మ పూర్తయ్యాక అందులో ఉన్నది నేను కాదు. నా ఎముకల మీద నలభై ఏళ్ల ఎండ కాసిన మనిషి. చేతులు అత్తవి. నేత చీర. బోసి మెడలో పసుపుతాడు, దానికి రెండు పిన్నీసులు. ఒళ్లో చేట. ఎవరో పిలిస్తే చెయ్యి బియ్యంలోనే ఉంచి తలెత్తి చూస్తోంది. అత్త ఆ బొమ్మ ముందు నిలబడి ఏడవలేదు, పొగడలేదు. చేట వైపు వంగి చూసి, "నూకలు కూడా వేశారు" అంది.

పెదనాన్న చూశాడు. "చేట ఏంటండీ? మా అమ్మేమన్నా కూలికెళ్లిందా?"

"వెళ్లింది కదా అన్నయ్యా" అంది అత్త.

"నువ్వూరుకో. ఆర్టిస్టు గారూ, రేపు గృహప్రవేశానికి ఊరంతా వస్తుంది. మా అమ్మ మెడ బోసిగా ఉంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఓ కాసులపేరు, కమ్మలు, చేతులకి గాజులు. చీరకి జరీ అంచు. ఆ చేట తీసేసి పూలసజ్జ పెట్టండి."

"ఆవిడకి అవి ఉండేవాండీ?"

"అప్పుడు లేవు. ఇప్పుడున్నాయి కదా."

"ఇప్పుడు ఆవిడ లేరు కదండీ."

పెదనాన్న ముఖం ఎర్రబడింది. "మీరు వేయకపోతే పోనీండి. మా ఊళ్లో రథానికి రంగులేసే ఆయన ఉన్నాడు. ఆయన చేత వేయించుకుంటాను."

ఆర్టిస్టు గారు అరుస్తారని చూశాను. అరవలేదు. గోడకు ఆనించిన బొమ్మ వైపు చూసి, "వద్దు. నేనే వేస్తాను. కాకపోతే చూడనిది వేయలేను, ఆ నగలన్నీ ఈ పిల్లకి పెట్టించి పంపండి. పటానికి అద్దం కూడా బిగిస్తేనే ఇస్తాను" అన్నారు.

ఆయన మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆ రాత్రి డైరీలో ఆయన పేరు రాసి కొట్టేశాను.

నగలు వేసే రోజు పెద్దమ్మ కాపలాగా వచ్చింది. నగలన్నీ నాకు దిగేసి, ఫ్యాను కింద కూర్చుని కునుకు తీసింది. ఆయన కలపడం మొదలుపెట్టిన రంగులు ఇంతకుముందు వాడినవి కావు. చిన్న గాజు సీసాల్లో ఉన్నాయి.

"నా మీద కోపంగా ఉందా అమ్మాయ్?"

నేను ఔనని తలూపాను. పెద్దవాళ్లకు ఎదురుగా అలా ఊపడం నాకు అదే మొదలు. ఆయన నవ్వారు.

"చెవులు చూస్తేనే తెలుస్తోంది. ఇది సిగ్గు ఎరుపు కాదు. విను. ఆ రథం ఆయన ఎనామిల్ పెయింటు పూస్తాడు. అది పడిందంటే మీ నాయనమ్మ మళ్లీ బయటికి రాదు. అందుకని నేనే పూస్తున్నా. కిందది ఆయిలు. దాని మీద వార్నిష్ కొట్టాను. ఈ పైది ఉత్త నీళ్ల రంగు. జారిపోకుండా కాస్త సబ్బు కలిపాను. తడిగుడ్డ చాలు, అంతా వచ్చేస్తుంది. పనివాళ్లు తెలియక తుడిచేస్తారనే అద్దం."

పెద్దమ్మ గురక విని గొంతు ఇంకా తగ్గించాను. "ఎప్పుడు తుడవాలండీ?"

"నీకు ఒళ్లు మండినప్పుడు."

"నాకే ఎందుకు చెబుతున్నారు?"

"నువ్వు ఎవరితోనూ మాట్లాడవు కదమ్మా. నిన్ను మించిన బీరువా ఎక్కడ దొరుకుతుంది నాకు?"

అన్నీ వేశారు. కాసులపేరు, గాజులు, జరీ, బియ్యం మీద బంతిపూలు, చామంతులు. చెవికి కమ్మ వేసేటప్పుడు మాత్రం పళ్లు నూరారు. "చెవి కప్పేయిస్తున్నారు. చెవి!"

ఆ విధంగా నేను మా పెదనాన్న హాల్లో దండతో వేలాడాను. ఊరికి వెళ్లినప్పుడల్లా, "ఇదుగో, పెద్దావిడ వచ్చింది, కాళ్లకు దండం పెట్టండర్రా" అని అక్కచెల్లెళ్లు ఆటపట్టించేవారు. తద్దినం రోజున నా ముఖం ముందు విస్తరి వేసేవారు. ఒకసారి చూపు సరిగా ఆనని దూరపు బంధువు ఒకాయన వచ్చి, పటం చూసి గుండె పట్టుకుని, "అయ్యయ్యో, తమ్ముడి కూతురు కదూ! ఎప్పుడు జరిగిందిరా ఈ ఘోరం? మాకు కబురైనా పెట్టలేదే!" అని సోఫాలో కూలబడ్డాడు. నేను ఆయనకు ఎదురుగా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈ సంగతి చెబితే ఆర్టిస్టు గారు మా దుకాణం స్టూలు మీద నుంచి పడిపోయేంత నవ్వారు. తర్వాత ఎప్పుడు కనిపించినా ఒకటే అడిగేవారు.

"ఏమ్మా, ఇంకా మండలేదా?"

నేను లేదని తలూపేదాన్ని. ఆయన బతికున్నంతకాలం అది మా ఇద్దరికే తెలిసిన పరాచకం. దాన్ని పాడుచేసుకోవాలని నాకు లేదు.

పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆయన బొమ్మలు వేయడం మానలేదు. చివరిసారి చూసినప్పుడు గుణదల గదిలో మంచం కిటికీ వైపు జరిపించుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని ఉన్నారు. కొండ వైపు వెళ్లే జనాన్ని గీస్తున్నారు. చెయ్యి వణుకుతోంది. "చెవి రావడం లేదమ్మా. అన్నీ వస్తున్నాయి, చెవి రావడం లేదు" అని చిరాకుపడ్డారు. కాసేపటికి, "నేనుండగా తుడిస్తే మీ పెదనాన్న నాతో పోట్లాడేవాడు. నాకు పోట్లాటంటే సరదా. ఇకమీదట తుడిస్తే నీతో పోట్లాడతాడు. అదొక్కటే..." అని ఆగిపోయారు. నేను ఆయన పెన్సిలు చెక్కిపెట్టాను.

సభలో చప్పట్లు ఆగాక ఆయన వేసిన మిగతా బొమ్మల గురించి ఎవరైనా మాట్లాడతారని ఎదురుచూశాను. బస్టాండు పాదం గురించి, కొండెక్కే మోకాళ్ల గురించి. ఎవరూ మాట్లాడలేదు. తిట్లు తిన్నవాళ్లు ఆయన్ను మెత్తటి మనిషిని చేశారు. లక్ష్మీదేవిని వేయనన్నవాడి చేత లక్ష్మీదేవిని వేయించారు. ఆయన పళ్లు నూరుతూ వేసిన కమ్మను ఆయన ప్రతిభ అన్నారు. మనిషి నోరు మూతపడగానే ఎంత ధైర్యం వస్తుందో వీళ్లకు!

ముఖచిత్రం కోసం మంచి ఫొటో తీయడానికి ఆదివారం ఫొటోగ్రాఫరు ఊరికి వస్తాడని పెదనాన్న నాన్నతో చెబుతుంటే విన్నాను. ఆదివారం పొద్దున్నే నేను పామర్రు బస్సెక్కాను. పామర్రులో అత్త కూడా నాతో బయల్దేరింది. ఆవిడకు ఏమీ చెప్పలేదు.

అద్దం తీయించడానికి నేను సాకేమీ వెతుక్కోనక్కర్లేకపోయింది. ఫొటోగ్రాఫరు కెమెరాలో చూసి, "అద్దం తీయాలండీ. వెలుగు తిరగ్గొడుతోంది" అన్నాడు. పెదనాన్నే వెనక మేకులు ఊడదీసి, పటాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు.

"దుమ్ము తుడవనా పెదనాన్నా?" అన్నాను.

"తుడువమ్మా, జాగ్రత్త. పక్కన నేను కూడా ఉండాలంట, కండువా వేసుకొస్తా" అని లోపలికి వెళ్లాడు.

గుడ్డ తడిపి తెచ్చాను. చెవి దగ్గర మొదలుపెట్టాను. కమ్మ ఒక్క తుడుపుకే కరిగి, పసుపు నీరై గుడ్డలోకి వచ్చింది. దాని కింద చెవి ఉంది, నాయనమ్మది, కొంచెం బయటికి వంగి, ఎవరో పిలిచింది వింటూ. తర్వాత మెడ. కాసులన్నీ పోయి పసుపుతాడు కనిపించింది. గాజులు పోయాయి. బంతిపూలు పోతుంటే బియ్యం గింజలు ఒక్కొక్కటే తేలాయి. ఫొటోగ్రాఫరు, "మేడమ్, మేడమ్, రంగు పోతోందండీ!" అని కంగారుపడ్డాడు. అత్త కాఫీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

చిట్టచివర జరీ అంచు తుడిచాను. దాని కింద, చేట అంచు పక్కన, ఎర్రటి అక్షరాల్లో చిన్న సంతకం బయటపడింది. నగల బొమ్మ మీద ఆయన సంతకం పెట్టలేదు. ఉన్నదాన్ని జరీ కింద కప్పేశారు. ఇన్నేళ్లలో ఎవరూ, నేను కూడా, అది గమనించలేదు.

పెదనాన్న కండువా సర్దుకుంటూ వచ్చాడు.

"ఏం చేశావే! మా అమ్మ నగలన్నీ..."

"అమ్మకి నగలెక్కడివి అన్నయ్యా?" అంది అత్త.

"నువ్వు మాట్లాడకు! మళ్లీ వేయించండి. ఇప్పుడే ఫోన్ చేయండి ఆ ఆర్టిస్టుకి..." అని, ఆ మాట తన నోట వచ్చాక, తనే ఆగిపోయాడు.

గట్టిగా చెప్పాను, అందరికీ వినబడేలా. "ఆయనే తుడవమన్నారు పెదనాన్నా. వేసిన రోజే చెప్పారు. ఇదే ఆయన వేసిన బొమ్మ. సంతకం ఇక్కడుంది చూడండి. ముఖచిత్రం వేస్తే ఇది వేయాలి."

ఆయన నా వైపు చూడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని బల్ల మీదికి వంగాడు. వేలు పటం మీద ఆనించకుండా, పసుపుతాడు దగ్గర గాలిలో నిలిపాడు.

"ఈ చిన్న పిన్నీసుతోనే నా కాల్లో ముల్లు తీసేది" అన్నాడు.

అత్త కళ్లు తుడుచుకుంది. అంతటితో అయిపోయిందని నేను అనుకున్నాను. పెదనాన్న నిటారుగా నిలబడి, కండువా మళ్లీ సర్దుకుని, ఫొటోగ్రాఫరుతో అన్నాడు. "నువ్వేం తీయకు బాబూ. సంచిక మీద ఫ్లెక్సీలో ఉన్నదే వేయమను."

"పెదనాన్నా, అది ఆయన..."

"ఇది మన ఇంటి సంగతి. అది ఊరి సంగతి. అర్థమైందా?"

నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. అత్త మాత్రం గ్లాసులు పక్కన పెట్టి, తన కొంగు తడిపి, బియ్యం మీద మిగిలిన ఒక చామంతి రేకను తుడిచేసి, "ఈ పటం నేను పట్టుకెళుతున్నా అన్నయ్యా" అంది. ఆయన వద్దనలేదు. అద్దం అక్కడే వదిలేసి, పటాన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో మా ఇద్దరి ఒళ్లలో పెట్టుకుని పామర్రు తీసుకువెళ్లాం. ఇప్పుడు అది అత్త వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉంది. దండ లేదు.

నిన్న సంస్మరణ సంచిక మా దుకాణానికి వచ్చింది. అట్ట మీద నిగనిగలాడుతూ కాసులపేరు, కమ్మలు, పూలసజ్జ. వాటి కింద, కనీసం నాలుగు వేళ్ల మందాన, ఆర్టిస్టు గారి పేరు. బతికున్నప్పుడు ఆయన వేసిన బొమ్మల కింద నుంచి పేరు కోసేశారు. పోయాక, ఆయన సంతకం పెట్టని బొమ్మ కింద అంత పెద్ద అక్షరాల్లో అచ్చేశారు. నాన్న కట్టలు విప్పుతుంటే ఒక ప్రతి తీసుకుని, బేళ్ల వెనక్కి వెళ్లి, గుడ్డ తడిపి చూశాను.

అచ్చులో పడ్డ నగలు తడిగుడ్డకు పోవు. అందుకే ఇది రాశాను.